అభిమానికి చరిత్రలో చోటు: ఎస్.వి. శ్రీనివాస్ సినిమా పరిశోధన – రాయలసీమ నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమాపై వచ్చిన రచనలలో అధికభాగం నటుల జీవితాలను, దర్శకుల ప్రతిభను, పాటల సౌందర్యాన్ని వివరించేవే. 1990వ దశకం నుంచి ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన ఈ దృష్టిని మార్చింది. తెరమీది నాయకుడితో పాటు తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడు, అభిమాన సంఘం, సినిమాహాలు కూడా చరిత్ర రచనకు ఆధారాలేనని ఆయన చూపారు. ఆయన పరిశోధన క్రమాన్ని, ప్రధాన ప్రతిపాదనలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఆ పద్ధతిని కర్నూలు, కడప ప్రాంతానికి అన్వయిస్తే ఎటువంటి ప్రశ్నలు తలెత్తుతాయో పరిశీలిస్తుంది. సినిమా వ్యాపారంలో ‘సీడెడ్’గా, కథలలో ‘ఫ్యాక్షన్ సీమ’గా మాత్రమే కనిపించే రాయలసీమకు ప్రేక్షకుల చరిత్ర ఒకటి ఉందని, దానిని వ్రాయడానికి అవసరమైన ఆధారాలు కళ్లముందే నశిస్తున్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు సినిమా, అభిమాన సంఘాలు, ఎస్.వి. శ్రీనివాస్, రాయలసీమ, సీడెడ్, సినిమాహాలు, జనప్రియ సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

కర్నూలు నగరాన్ని ఆనుకొని హంద్రీనది ఒడ్డున ఉన్న ప్రాంతం కల్లూరు. ఒకప్పటి గ్రామం క్రమంగా నగరంలో కలిసిపోగా, దాని పేరుతోనే ఏర్పడిన మండలంలో నేటికీ వ్యవసాయ గ్రామాలున్నాయి. ఊరికీ నగరానికీ నడుమ ఉన్న ఇటువంటి చోట్ల సినిమాకు ఉన్న స్థానం ప్రత్యేకమైనది. పని ముగించుకొని బండి మీదనో కాలినడకనో పట్టణానికి వచ్చి ఆట చూసి వెళ్లే ప్రేక్షకులు తెలుగు సినిమాకు తొలినాళ్ల నుంచీ ఆధారంగా నిలిచారు. అయినా తెలుగు సినిమా చరిత్ర గ్రంథాలలో వీరి ప్రస్తావన అరుదు. చిత్రం ఎన్ని రోజులు ఆడిందో వ్రాసిన చరిత్రకారులు, దానిని అన్ని రోజులు ఆడించినవారు ఎవరన్న ప్రశ్న వేయలేదు.

ఈ ప్రశ్నను పరిశోధనాంశంగా స్వీకరించినవారిలో ఎస్.వి. శ్రీనివాస్ ముఖ్యులు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, బెంగళూరులోని సంస్కృతి, సమాజ అధ్యయన కేంద్రంలో చాలాకాలం పనిచేసి, అనంతరం అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉన్న ఆయన, తెలుగు సినిమాను సామాజిక చరిత్రలో భాగంగా అధ్యయనం చేశారు. ఆయన ముఖ్య రచనలు ఆంగ్లంలో వెలువడినందున, తెలుగు శాఖల పరిశోధకులలో వాటి ప్రభావం ఉండవలసినంతగా లేదు. ఆ లోటును కొంతవరకైనా పూరించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఆ పరిశోధన వెలుగులో రాయలసీమను చూడడం రెండవ ఉద్దేశం.

2. పరిశోధనకు పూర్వరంగం:

జనం మెచ్చినది పాండిత్యానికి తగదన్న భావన మన విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. 1950వ దశకంలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యాన్ని పరిశోధనాంశంగా స్వీకరించేనాటికి, దంపుళ్ల పాటకు, ఊయల పాటకు విద్యాపీఠంలో స్థానం లేదు. ఆయన కృషి తరువాతనే జానపద విజ్ఞానం ఒక శాస్త్రంగా తెలుగు నేలపై నిలదొక్కుకొంది. పాటను సేకరించడంతో పాటు పాడినవారెవరు, ఏ సందర్భంలో పాడారు, విన్నవారెవరు అన్న వివరాలు సైతం నమోదు చేయాలన్న క్రమశిక్షణ దానితోపాటే వచ్చింది.

సినిమా విషయంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. పత్రికలలో సమీక్షలు, జ్ఞాపకాలు విరివిగా వచ్చినా, ప్రేక్షకుడిని వక్తగా గుర్తించే పరిశోధన లేదు. తమిళ సినిమాపై మాత్రం రెండు గ్రంథాలు మార్గదర్శకంగా నిలిచాయి. 1981లో శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివత్తంబి తమిళ సినిమాను రాజకీయ ప్రసార సాధనంగా వివరిస్తూ ఒక కీలక విషయాన్ని ఎత్తిచూపారు. కుల భేదం లేకుండా తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చున్న తొలి ప్రదర్శనస్థలం సినిమాహాలు అని, అక్కడ కూర్చునే చోటును నిర్ణయించినది పుట్టుక కాదు, టిక్కెట్టు ధర అని ఆయన వాదన. 1992లో ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఎం.జి. రామచంద్రన్ తెరబింబాన్ని పరిశీలించి, పేదల ఆరాధన చివరకు పేదలకే ఉచ్చుగా మారిన తీరును విశ్లేషించారు.

తెలుగునాట పరిస్థితి మరొక విధంగా ఉంది. 1982 మార్చి 29న పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు 1983 జనవరి ఎన్నికలలో అధికారంలోకి వచ్చారు. తమిళనాడులో సినిమాకు ద్రావిడ ఉద్యమం దశాబ్దాల తరబడి తోడుగా నిలిచింది. ఇక్కడ అటువంటి ఉద్యమ నిర్మాణం లేకుండానే, తొమ్మిది నెలల వ్యవధిలో నటుడు ముఖ్యమంత్రి అయ్యారు. కృష్ణుడి వేషం చూసి జనం ఓట్లు వేశారన్న సులభ వివరణ అప్పట్లో విస్తృతంగా ప్రచారమైంది. ఈ వివరణ ప్రేక్షకుడిని అమాయకుడిగా భావిస్తుంది. శ్రీనివాస్ పరిశోధన ఈ భావనను ప్రశ్నించడంతో మొదలవుతుంది.

3. అభిమాని – భక్తి, ధిక్కారం:

1994లో మణిరత్నం చిత్రం ‘రోజా’పై ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సాగిన చర్చలో శ్రీనివాస్ పాల్గొన్నారు. ఆ తరువాత 1996లో జర్నల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఐడియాస్‌లో అభిమానుల కార్యకలాపాలపై ఆయన ప్రకటించిన వ్యాసం ఈ రంగంలో మైలురాయి. భక్తి, ధిక్కారం అనే రెండు పదాలను ఆ వ్యాసశీర్షికలో ఆయన జతచేశారు. రవి వాసుదేవన్ సంపాదకత్వంలో 2000లో వచ్చిన భారతీయ సినిమా వ్యాససంకలనంలో అది చేరింది.

అభిమాని తన నాయకుడి కటౌట్‌కు పూలమాల వేస్తాడు, పాలాభిషేకం చేస్తాడు, తెరముందు హారతి పడతాడు, పాట రాగానే కాగితం ముక్కలు చల్లుతాడు. చూసేవారికి ఇది మూఢభక్తిగా తోస్తుంది. కానీ అదే అభిమాని చిత్రం నచ్చకపోతే కుర్చీలు విరుస్తాడు, నాయకుడి పాత్ర ఓడిపోతే కథ మార్చమని కోరతాడు, తమ నటుడు ఇటువంటి వేషాలే వేయాలని ఆంక్షలు విధిస్తాడు. ఈ రెండూ వేరువేరు ప్రవర్తనలు కావని, ఒకే సంబంధానికి రెండు ముఖాలని శ్రీనివాస్ వివరించారు. అభిమాని విధేయత షరతులతో కూడినది. తాను ఆశించిన నాయకుడిగా నటుడు ఉన్నంతవరకే అతనికి ఆ విధేయత దక్కుతుంది.

ఇక్కడ ఆయన ఆంగ్లంలో రెండు మాటలతో చెప్పిన విషయం తెలుగులో ఒకే మాటలో ఇమిడి ఉందని గమనించాలి. ‘అభిమానం’ అంటే ప్రేమ, మమకారం. ‘అభిమానం’ అంటే ఆత్మగౌరవం కూడా. అభిమానధనుడు, అభిమానభంగం వంటి సమాసాలలో ఉన్నది ఈ రెండవ అర్థమే. తమిళులు సినిమా ప్రేక్షకుడిని ‘రసిగర్’ అన్నారు. రసాస్వాదన దాని మూలం. తెలుగువారు ఎంచుకొన్న మాటలో మాత్రం ఎదుటివారి మీది మమకారం, తన మీద తనకున్న గౌరవం విడదీయరానివిగా ఉన్నాయి. నటుడికి అవమానం జరిగితే అభిమాని తనకే జరిగినట్లు భావించడానికి, నటుడే నిరాశపరిస్తే అతనిపై తిరగబడడానికి కారణం ఈ పదంలోనే దొరుకుతుంది. తెలుగులో ఆలోచించే పరిశోధకులు శ్రీనివాస్ ప్రతిపాదనను మరింత ముందుకు తీసుకుపోగల అవకాశం ఇటువంటి చోట ఉంది.

అయితే అభిమానిలోని ఈ ధిక్కారాన్ని విప్లవ చైతన్యంగా పొరబడరాదు. అభిమాన సంఘాలలో కుల సమీకరణలున్నాయి, స్థానిక పలుకుబడులున్నాయి, పోటీ నటుల సంఘాలతో ఘర్షణలున్నాయి. రక్తదాన శిబిరాలు, చలివేంద్రాలు నిర్వహించే సంఘాలే గోడల మీద పోస్టర్ల కోసం కొట్లాడుకొన్న సందర్భాలున్నాయి. ఊరి పెద్దల సభలలో మాట్లాడే అవకాశం లేని యువకులకు అధ్యక్షుడు, కార్యదర్శి అన్న హోదాలు, కరపత్రంపై అచ్చయిన పేరు, నలుగురిలో గుర్తింపు లభించినది మాత్రం ఈ సంఘాలలోనే. రాజకీయం అంటే ఇదేనా అన్న సందేహం కలగవచ్చు. రాజకీయానికి ప్రవేశద్వారం మాత్రం తప్పక ఇదే.

4. సినిమాహాలు – సమానత, హక్కు:

సినిమాహాలులో ప్రజ ఉందా అన్న అర్థం వచ్చే ప్రశ్నను శీర్షికగా చేసి శ్రీనివాస్ 2000లో మరొక వ్యాసం వ్రాశారు. శివత్తంబి చెప్పిన సమానత నిజమే అయినా, హాలు లోపల కొత్త తారతమ్యాలు ఏర్పడ్డాయి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్నవి ఆసనాల పేర్లుగానే మిగలక ప్రేక్షకుల అంతస్తులకు పేర్లయ్యాయి. ‘నేల టిక్కెట్టు’ అన్న మాట కాలక్రమంలో ఒక అభిరుచికి, ఒక వర్గానికి సంకేతమైంది. ‘మాస్’, ‘క్లాస్’ అన్న విభజనకు మూలం ఈ ఆసనక్రమంలోనే ఉంది.

నేల టిక్కెట్టు ప్రేక్షకుడు తనకు లభించిన చోటుతో తృప్తిపడి ఊరుకోలేదు. ఈల వేసి, కేకవేసి, పాటను మరొకసారి వేయమని కోరి, ప్రొజెక్టర్ ఆగితే నిలదీసి, తాను డబ్బు చెల్లించిన హక్కుదారునని ప్రకటించుకొన్నాడు. ప్రభుత్వ కార్యాలయంలో, పాఠశాలలో, దేవాలయంలో నోరెత్తలేని మనిషి సినిమాహాలులో మాత్రం బిగ్గరగా అభిప్రాయం చెప్పగలిగాడు. శ్రీనివాస్ పరిశోధనలో సినిమాహాలు పౌరహక్కుల చర్చకు వేదిక కావడానికి కారణం ఇదే.

ఈ పరిశీలనకు కర్నూలుతో ఒక సంబంధం ఉంది. ఆంధ్ర రాష్ట్రానికి 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు కర్నూలు రాజధాని. సినిమాహాళ్ల అనుమతులను నియంత్రించే 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం ఆ కాలానికి చెందినదే. శాశ్వత భవనాలకు, గుడారాలలో నడిచే టూరింగ్ టాకీసులకు అనుమతులిచ్చే అధికారం జిల్లా యంత్రాంగానిది. అంటే ఎక్కడ ఎప్పుడు హాలు వెలిసింది, ఎన్ని ఆసనాలు, ఏ తరగతులు, ఏ అభ్యంతరాలు వచ్చాయి అన్న వివరాలు కార్యాలయ దస్త్రాల పాలయ్యాయి. అధికారి భద్రత కోసం వ్రాసిన కాగితం చరిత్రకారునికి సామాజిక పటంగా ఉపయోగపడుతుంది.

2003లో హాంకాంగ్ పోరాట చిత్రాల గురించి వ్రాసిన వ్యాసంలో శ్రీనివాస్ ఈ చూపును మరింత దిగువకు తీసుకుపోయారు. పంపిణీ క్రమంలో చివరి మెట్టుగా ఉండే బి తరగతి కేంద్రాలలో, అరిగిపోయి, అతుకులు పడిన ప్రతులతో ఆడే పరదేశ చిత్రాలను ఆయన గంభీరంగా పరిశీలించారు. నగరాలలో ఆట ముగిసిన తరువాతనే చిన్న ఊళ్లలో ఆ చిత్రాల రెండవ జీవితం మొదలైంది. భాష తెలియని ప్రేక్షకుడు శరీరవిన్యాసాన్ని చదువుకొన్నాడు. తెలుగు మాస్ కథానాయకుడి పోరాటశైలికి ఈ అనుభవంతో ఉన్న సంబంధాన్ని ఆయన తరువాతి రచనలో చర్చించారు.

5. ‘మెగాస్టార్’ నుంచి సామాజిక చరిత్ర వరకు:

2009లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన ‘మెగాస్టార్’ శ్రీనివాస్ తొలి గ్రంథం. ఎన్.టి. రామారావు అనంతర తెలుగు సినిమాను చిరంజీవి నటజీవితం ఆధారంగా అది విశ్లేషిస్తుంది. ‘ఖైదీ’ (1983) మొదలుకొని ‘గ్యాంగ్ లీడర్’ (1991), ‘ఘరానా మొగుడు’ (1992), ‘ముఠామేస్త్రి’ (1993) వంటి చిత్రాలలో సామాన్యుడు, కూలీ, నిరుద్యోగి నాయకుడిగా ఎదిగారు. ఆ ఎదుగుదల అభిమానికి తన ఎదుగుదలగా తోచింది. కానీ నటుడు ఎంత ఎత్తుకు చేరితే తెరమీద సామాన్యుడిగా కనిపించడం అంత కష్టమవుతుంది. అభిమానుల ఆకాంక్ష నటుడికి బలమైనట్లే సంకెల కూడా అవుతుంది. తారాస్థాయిని నటుడి సొంత ఆస్తిగా కాక, నటుడికి ప్రేక్షకుడికి మధ్య నిత్యం సాగే బేరసారంగా చూడడం ఈ గ్రంథం విశిష్టత.

గ్రంథం వెలువడిన కాలం కూడా గమనార్హం. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించారు. 2009 ఎన్నికలలో 294 స్థానాలకుగాను ఆ పార్టీకి 18 దక్కాయి. 2011లో అది కాంగ్రెస్‌లో విలీనమైంది. అభిమాని అంటే ఓటరే అన్న లెక్క తప్పని ఈ ఫలితం తేల్చింది. అభిమానం షరతులతో కూడినదన్న 1996 నాటి ప్రతిపాదన పదమూడేళ్ల తరువాత ఎన్నికల ఫలితాలలో ధ్రువపడింది.

2013లో పర్మనెంట్ బ్లాక్ ప్రచురించిన ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ తెలుగు సినిమా సామాజిక చరిత్రను 1930వ దశకం నుంచి వివరిస్తుంది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) మొదలుకొని ఎన్.టి. రామారావు రాజకీయ ప్రవేశం వరకు ఒక సూత్రాన్ని అది చూపుతుంది. కోస్తా వ్యవసాయ సంపద నుంచి ఎదిగిన వర్గాలు సినిమా రంగంలో ప్రవేశించి, తెలుగుజాతి మొత్తానికి ప్రాతినిధ్యం వహించే నాయకత్వాన్ని తెరమీద ముందుగా అభినయించాయని, ఆ అభినయం తరువాత రాజకీయ రూపం ధరించిందని దాని సారాంశం. మరుసటి ఏడాదే మాధవ ప్రసాద్ దక్షిణ భారత తారల రాజకీయ అస్తిత్వంపై ‘సినీ పాలిటిక్స్’ ప్రకటించారు. ఈ రెండింటితో తెలుగు సినిమా రాజకీయాల చర్చకు దృఢమైన పునాది ఏర్పడింది. 2015లో తెలంగాణ సాంస్కృతిక మలుపును గురించి శ్రీనివాస్ మరొక వ్యాసం వ్రాశారు. కోస్తాకు, తెలంగాణకు ఆయన పరిశోధనలో ఇలా ప్రత్యేక స్థానం లభించింది. మరి రాయలసీమ సంగతి ఏమిటి?

6. ‘సీడెడ్’ – వ్యాపార పటంలో రాయలసీమ:

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలిపెట్టిన ప్రాంతానికి ‘దత్తమండలాలు’ అని పేరు వచ్చింది. ఈ పేరు అవమానకరమని భావించిన ప్రజలు 1928లో నంద్యాలలో జరిగిన సభలలో ‘రాయలసీమ’ అన్న పేరును స్వీకరించారు. చిలుకూరి నారాయణరావు ఆ పేరును సూచించారు. పరిపాలనలో, సాహిత్యంలో, నిత్యవ్యవహారంలో పాత పేరు పోయింది. ఒక్క సినిమా వ్యాపారంలో మాత్రం పోలేదు. చిత్రం విడుదలైన మరునాడు వసూళ్ల వార్తలలో నైజాం, ఉత్తరాంధ్రల పక్కన నేటికీ ‘సీడెడ్’ అనే ఉంటుంది. నిజాం పాలన పోయినా, కంపెనీ పాలన పోయినా, పంపిణీదారుల పటంలో వాటి సరిహద్దులు చెరగలేదు.

ఇది పేరుకు పరిమితమైన విషయం కాదు. ‘సీడెడ్’ అన్నది వసూలు లెక్క. ‘ఇక్కడ మాస్ చిత్రాలు బాగా ఆడతాయి’ అన్న వ్యాపార సూత్రం దానికి జోడైంది. ప్రేక్షకుడు ఇక్కడ అంకెగా మారాడు. అతని ఇష్టం ఏమిటో ముందే నిర్ణయమైంది. ఆ నిర్ణయం కథలలో ప్రవేశించిన తీరును 1997 తరువాతి చిత్రాలలో చూడవచ్చు. ‘ప్రేమించుకుందాం రా’ (1997), ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002), ‘ఒక్కడు’ (2003) మొదలైన చిత్రాలు వరుసగా సాధించిన విజయాలతో ‘ఫ్యాక్షన్ సినిమా’ ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది. ‘ఒక్కడు’లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ప్రమాదంలో ఉన్న కథానాయికను హైదరాబాదు యువకుడు రక్షించి నగరానికి తీసుకుపోతాడు. కర్నూలు హింసకు, హైదరాబాదు రక్షణకు సంకేతాలయ్యాయి. మూడేళ్లపాటు రాజధానిగా ఉన్న నగరానికి ఆ బురుజు చారిత్రక చిహ్నం. చిత్రంలో అది భయానికి నేపథ్యంగా మిగిలింది.

సీమలో ముఠా కక్షలు లేవని ఎవరూ అనలేరు. అయితే వర్షాధార సేద్యం, కరవు, కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచి గుంటూరు మిరపకోతలకు సాగే వలస, కడప కాలువ నీటి వివాదాలు, వీటన్నిటి నడుమ సాగే సామాన్య జీవితం తెరకు ఎక్కలేదు. ఈ చిత్రాలను సీమ ప్రేక్షకుడు కూడా ఆదరించాడన్నది ఇంకా జటిలమైన విషయం. తన ప్రాంతాన్ని ఇలా చూపినందుకు అతను నొచ్చుకొన్నాడా, తన యాసలో, తన ఊరి పేరుతో నాయకుడు గర్జించినందుకు గర్వించాడా, రెండూ ఒకేసారి జరిగాయా? అభిమానంలోని రెండర్థాలు ఇక్కడ పరస్పరం ఢీకొంటాయి. ఈ ప్రశ్నకు సమాధానం చిత్రాలలో దొరకదు. వాటిని చూసినవారిని అడిగితేనే దొరుకుతుంది. శ్రీనివాస్ పద్ధతి రాయలసీమకు అత్యవసరం కావడానికి కారణం ఇదే.

మరొకవైపు, కోస్తా పెట్టుబడి కేంద్రంగా వ్రాసిన చరిత్రను రాయలసీమ నుంచి చూస్తే కొన్ని సవరణలు అవసరమవుతాయి. వాహినీ సంస్థ సారథి బి.ఎన్. రెడ్డి, విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పులివెందుల ప్రాంతంవారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రిలో జన్మించారు. ‘రైతుబిడ్డ’లో నటించిన బళ్లారి రాఘవ జన్మస్థలం కూడా తాడిపత్రే. తెలుగు సినిమా రూపకల్పనలో ఇంత పాత్ర వహించిన ప్రాంతం, కథావస్తువుగా మాత్రం కత్తులకు, బాంబులకు పరిమితమైంది. నిర్మాతలను, దర్శకులను ఇచ్చిన సీమకు, తెరమీది సీమకు మధ్య ఉన్న ఈ దూరం ఎప్పుడు, ఎలా ఏర్పడిందన్నది స్వతంత్రంగా పరిశోధించవలసిన అంశం.

7. తారలు – సీమ నియోజకవర్గాలు:

సినిమా నుంచి రాజకీయాలలోకి వచ్చిన నాయకుల నియోజకవర్గాలను వరుసగా చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. కృష్ణా జిల్లా నిమ్మకూరుకు చెందిన ఎన్.టి. రామారావు 1983లో గుడివాడతో పాటు తిరుపతిలో కూడా గెలిచారు. 1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురం ఆయనను గెలిపించింది. 1989లో కల్వకుర్తిలో ఓడిపోయినప్పుడు సైతం హిందూపురం ఆయన వెంట ఉంది. పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరుకు చెందిన చిరంజీవి 2009లో సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడి, తిరుపతిలో గెలిచారు. ‘సమరసింహారెడ్డి’ కథానాయకుడు బాలకృష్ణ 2014 నుంచి హిందూపురానికి ప్రాతినిధ్యం వహిస్తున్నారు.

దీనిని సీమ ప్రజల అమాయకత్వంగా వ్యాఖ్యానించడం తేలిక. కానీ కోస్తా నాయకులు తమ తెలుగుజాతి ప్రాతినిధ్యాన్ని నిరూపించుకోవడానికి సీమ సమ్మతి అవసరమైందని కూడా దీనిని అర్థం చేసుకోవచ్చు. తన జిల్లాలో గెలిచినవాడు ఆ జిల్లా నాయకుడు. పరాయి ప్రాంతంలో గెలిచినవాడు జాతి నాయకుడు. ఈ కోణంలో చూస్తే ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ చేసిన వాదనలో సీమ ఓటరుకు ముఖ్యపాత్ర ఉంది. ఆ ఓటరు ఏమి ఆశించి సమ్మతించాడు, ప్రతిఫలంగా ఏమి పొందాడు అన్నది ఇంకా వ్రాయవలసిన అధ్యాయం.

8. పాట నుంచి తెరకు – రేనాటి కథ:

జానపద పరిశోధన, సినిమా పరిశోధన కలుసుకోవలసిన చోటు ఒకటి కర్నూలు ప్రాంతంలోనే ఉంది. 1846లో కంపెనీ ప్రభుత్వంపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను రేనాటి ప్రజలు తరతరాలుగా పాడుకొన్నారు. పుస్తకాలలో చోటు దొరకని రోజులలో ఆ పాళెగాడి జ్ఞాపకాన్ని కాపాడినది ఆ పాట. తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ గ్రంథంలో నరసింహారెడ్డి, బుడ్డా వెంగళరెడ్డి కథాగేయాలను పరిశీలించి వాటికి పాండిత్య గౌరవం కల్పించారు.

2019 అక్టోబరు 2న ఆ నరసింహారెడ్డి పాత్రలో చిరంజీవి నటించిన ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైంది. పాటగా ఒక ప్రాంతానిదైన కథ, భారీ చిత్రంగా పలు భాషలలో దేశమంతటికీ చేరింది. పాడేవారు, వినేవారు ఒకే ఊరివారైన కాలంలో కథను మార్చే హక్కు, సరిదిద్దే హక్కు వినేవారికి ఉండేది. తెరకెక్కిన తరువాత ఆ హక్కు ఎవరిది? శ్రీనివాస్ అభిమాని గురించి చెప్పినది ఇక్కడ మరొక వెలుగునిస్తుంది. కథాగేయ శ్రోతకు ఉన్న అధికారాన్ని సినిమాహాలులో ఈలల ద్వారా, కేకల ద్వారా తిరిగి పొందడానికి చేసే ప్రయత్నంగా అభిమాని ప్రవర్తనను చూడవచ్చు. బుర్రకథ పందిట్లో ‘భళా’ అన్న గొంతుకు, మొదటి ఆటలో ఈల వేసిన గొంతుకు ఉన్న బంధుత్వాన్ని నిరూపించవలసినది రాయలసీమ పరిశోధకులే. ఆ రెండింటినీ ఒకే జీవితంలో విన్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు.

9. కల్లూరు నుంచి చేయదగిన పరిశోధన:

ఒక్క తెర ఉన్న పాత సినిమాహాళ్లు రెండు రాష్ట్రాలలోనూ మూతపడుతున్నాయి. కొన్ని కల్యాణమండపాలయ్యాయి, కొన్ని గిడ్డంగులయ్యాయి, మరికొన్ని నేలమట్టమయ్యాయి. వాటితోపాటు టిక్కెట్టు పుస్తకాలు, రోజువారీ వసూళ్ల పట్టికలు, గోడ పత్రికలు, పాటల పుస్తకాలు, అభిమాన సంఘాల కరపత్రాలు చిత్తు కాగితాలుగా పోతున్నాయి. ప్రొజెక్టర్ నడిపినవారు, గేటు దగ్గర నిలబడినవారు, ఎడ్లబండిపై మైకు కట్టి ప్రచారం చేసినవారు వృద్ధులయ్యారు. గ్రంథాలయాలలో లేని ఈ సమాచారం వారితోనే అంతరిస్తుంది.

కల్లూరు వంటి ఒక్క ప్రాంతాన్ని తీసుకొని చేయదగిన పని ఎంతో ఉంది. మొదటిది, జిల్లా కార్యాలయాలలోని అనుమతి దస్త్రాల ఆధారంగా హాళ్ల, టూరింగ్ టాకీసుల పట్టిక తయారుచేయడం. రెండవది, అభిమాన సంఘాల కరపత్రాలు, ఛాయాచిత్రాలు సేకరించి, అందులోని పేర్లు తరువాతి కాలంలో స్థానిక సంస్థలలో ఎక్కడెక్కడ కనిపిస్తాయో గుర్తించడం. మూడవది, వృద్ధ ప్రేక్షకుల జ్ఞాపకాలను, ముఖ్యంగా స్త్రీల అనుభవాలను నమోదు చేయడం. అభిమాన సంఘాల చరిత్ర దాదాపు పురుషుల చరిత్రగానే మిగిలింది. స్త్రీలకు ప్రత్యేకంగా కేటాయించిన వరుసలలో కూర్చొని చూసినవారు ఏమి చూశారో, ఇంటికి వచ్చి ఏమి మాట్లాడుకొన్నారో ఆ చరిత్రలో లేదు. నాలుగవది, వలస వెళ్లిన కూలీలు పరాయి జిల్లాలో సినిమా చూసిన అనుభవం. గుంటూరు హాలులో ‘సీమ’ హింసను చూసిన సీమ కూలీకి పక్కసీటులోని ప్రేక్షకుడి దృష్టిలో తానెవరిగా కనిపించానన్న ఆలోచన కలిగి ఉంటుంది.

ఇవి పెద్ద నిధులు కోరే పనులు కావు. తెలుగు శాఖలో పరిశోధన చేసే విద్యార్థి తన మండలాన్ని ఎంచుకొని మూడేళ్లలో పూర్తిచేయగల పని ఇది. జానపద గేయాల సేకరణకు మన శాఖలు అలవరచుకొన్న క్షేత్ర పర్యటన పద్ధతి ఇందుకు చక్కగా సరిపోతుంది.

10. ముగింపు:

ఎస్.వి. శ్రీనివాస్ పరిశోధన జీవితాన్ని క్రమంగా చూస్తే ఒక్క నిశ్చయం అంతటా కనిపిస్తుంది. ప్రేక్షకుడు మోసపోయినవాడు కాదు, లెక్కలోని అంకె కాదు. తాను కోరినదేమిటో తెలిసినవాడు, దాని కోసం బేరమాడినవాడు. ‘రోజా’ చర్చ నుంచి తెలంగాణపై వ్యాసం వరకు విషయాలు మారినా ఈ నిశ్చయం మారలేదు. జానపదుడి పాటకు విద్యాపీఠంలో పీట వేసిన బిరుదురాజు రామరాజు కృషితో పోల్చదగిన పని ఇది.

రాయలసీమ విషయంలో ఈ పని ఇంకా ప్రారంభదశలోనే ఉంది. 1928లో నంద్యాలలో మన పెద్దలు ఒక అవమానకరమైన పేరును తొలగించుకొన్నారు. వసూళ్ల పట్టికలో ఆ పేరు ఇంకా మిగిలి ఉందంటే, అక్కడ మన మాట ఇంకా చేరలేదని అర్థం. హంద్రీ ఒడ్డున నేల టిక్కెట్టు కొని కూర్చున్న మనిషి ఏమి చూశాడో, ఏమి కోరాడో వ్రాసిననాడు తెలుగు సినిమా చరిత్రలో ‘సీడెడ్’ స్థానంలో రాయలసీమ నిలుస్తుంది. అతని జ్ఞాపకం మిగిలి ఉన్న ఈ కొద్ది కాలంలోనే ఆ పని మొదలుకావాలి.